41 ఏళ్ళ తెరచాప పడవ కొన్నాం: సర్వే నుంచి రిజిస్ట్రేషన్ దాకా మా అనుభవం

మేం బోటు కోసం వెతకడం మొదలుపెట్టింది 2022 ఆగస్టులో, కొన్నది 2023 మేలో. 1982లో కట్టిన 37 అడుగుల తెరచాప పడవ. మధ్యలో ఇంకో బోటు కొనబోయి ఆఖరి నిమిషంలో వదిలేశాం. కొనని ఆ బోటు మీద మాకు 1,400 డాలర్లు అయింది, అయినా మేం పెట్టిన ఖర్చులన్నిటిలో ఆ డబ్బు గురించి మాత్రం నాకు కొంచెం కూడా బాధ లేదు. పాత బోటు కొనాలనుకునే మనవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఈ మధ్య ఫోన్ చేసి అడిగారు, ముఖ్యంగా గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళకి కాగితాల సంగతి ఎలా అని. ఫోన్‌లో చెప్తుంటే సగం మర్చిపోతున్నాను, అందుకని కూర్చుని మొత్తం రాస్తున్నాను.

మేం ఉండేది వర్జీనియాలో, రిచ్‌మండ్‌లో. నేను నర్సుని, మా ఆయన ఐటీలో. ఆయనది కరీంనగర్ దగ్గర పల్లె, పెళ్ళయ్యేదాకా సముద్రం చూడలేదు. నాది తాళ్ళరేవు. మా తాతయ్య గోదావరి కాలవల మీద ధాన్యం పడవకి సరంగు. చిన్నప్పుడు రేవులో చెక్క పడవలు కడుతుంటే స్కూలు నుంచి వస్తూ అక్కడే నిలబడిపోయేదాన్ని, పలకల సందుల్లో దూది దట్టించి పైన గుగ్గిలం నూనె పూసేవాళ్ళు, ఆ వాసన ఇప్పటికీ గుర్తే. 2018 మేలో నేవీ పడవ తారిణి ప్రపంచం చుట్టి గోవా చేరింది కదా, ఆ ఆరుగురు అమ్మాయిల్లో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారని వార్తల్లో చూసిన రోజు రాత్రి మా ఆయనతో అన్నాను, మనం కూడా నేర్చుకుందామా అని. సరే అన్నారు. తర్వాతి రెండు వేసవులు అన్నాపోలిస్‌లో క్లాసులకి వెళ్ళాం, ఆ తర్వాత ఎవరు పిలిస్తే వాళ్ళ బోటు మీద పనిచేయడానికి వెళ్ళాం. అలా ఇతరుల బోట్ల మీద గడిపిన శని ఆదివారాలు క్లాసుల కంటే ఎక్కువ నేర్పాయి. ఎక్కడ ఏ బోటు కారుతుందో, ఎక్కడికి చెయ్యి దూరదో, ఏ ఇంజన్‌కి ఆయిల్ ఫిల్టర్ మార్చాలంటే మనిషి బల్లిలా పాకాలో, అవన్నీ కొనకముందే తెలిశాయి.

మా ప్లాన్ ఏంటంటే, అమ్మాయి కాలేజీకి వెళ్ళాక చలికాలం అయిదారు నెలలు పడవ మీద ఉండాలి. నార్‌ఫోక్ నుంచి తీరం వెంబడి సాగే లోపలి జలమార్గం (ఇంట్రాకోస్టల్ వాటర్‌వే) పట్టుకుని ఫ్లోరిడా, అక్కడి నుంచి గల్ఫ్ స్ట్రీమ్ అనే పెద్ద సముద్ర ప్రవాహం దాటి బహామాస్, మళ్ళీ తుఫాన్ల సీజన్ జూన్ 1న మొదలయ్యేలోపు వెనక్కి. ఈ ప్లాన్‌ని బట్టే బోటు ఎలాంటిది కావాలో తేలింది. మా దగ్గరున్న అఖాతం చెసపీక్ బే, పొడవు దాదాపు 200 మైళ్ళు ఉంటుంది కానీ సగటు లోతు 21 అడుగులే, చిన్న పాయల్లోకి వెళ్తే అయిదారు అడుగులు కూడా ఉండదు. బహామాస్‌లో కూడా అంతే. అందుకని నీటి కింద నాలుగున్నర అడుగుల కంటే ఎక్కువ దిగకూడదు. అలా అని మరీ తేలిక పడవ అయితే బయట అలల్లో ఉండలేం. లోపలి జలమార్గంలో మామూలుగా కదలని వంతెనల ఎత్తు 65 అడుగులు, మాస్ట్, అంటే తెరచాప స్తంభం, అంతకు మించకూడదు. ఇద్దరమే నడపాలి కాబట్టి 38 అడుగులు దాటితే వద్దనుకున్నాం.

అక్టోబర్‌లో అన్నాపోలిస్ బోట్ షోకి వెళ్ళి కొత్తవి చూశాం. ఆ సైజు కొత్త బోటు ధర మా ఇంటి ధరకి దగ్గరగా ఉంది. పాతదే కొనాలని ఆ రోజే తేలిపోయింది. ఫైబర్‌గ్లాస్ హల్‌కి, అంటే పడవ ఒంటికి, 40 ఏళ్ళు పెద్ద వయసేం కాదు, దాని చుట్టూ ఉన్నవే ముసలివవుతాయి: స్టీల్ తీగలు, వాల్వులు, గొట్టాలు, వైర్లు, ట్యాంకులు, తెరచాపలు. అమ్మేవాళ్ళు ఫొటోల్లో చూపించేది హల్, సోఫా, చెక్క మెరుపు. మనం డబ్బు పెట్టాల్సింది ఫొటోలో కనపడనివాటి మీద.

మొదటిది 36 అడుగుల కెచ్, అంటే రెండు మాస్టులది. 1979లో కట్టినది. 29,000 అడిగారు. ఫొటోల్లో బాగుంది, లోపల చెక్కంతా కొత్తగా వార్నిష్ చేసి ఉంది, నాకు చూడగానే నచ్చేసింది, అప్పుడే వంటగదిలో ఏ డబ్బా ఎక్కడ పెట్టాలో కూడా ఆలోచించేశాను. మనసుపడి ఆఫర్ ఇచ్చాం. ఇక్కడి పద్ధతి ఏంటంటే, ఆఫర్‌తో పాటు పది శాతం అడ్వాన్సు కడతాం, అది బ్రోకర్ దగ్గర విడిగా ఒక ఖాతాలో ఉంటుంది. ఒప్పందంలో సర్వే (నిపుణుడు బోటు మొత్తం పరీక్షించడం), సీ ట్రయల్ (నీళ్ళ మీద నడిపి చూడటం) నచ్చితేనే కొంటాం అని రాస్తారు, ఫలానా తేదీ లోపల అంగీకరిస్తున్నాం అని సంతకం పెట్టకపోతే అడ్వాన్సు వెనక్కి ఇచ్చేయాలి. ఆ తేదీని జాగ్రత్తగా చూసుకోండి. మాకు మొదట పది రోజులే ఇచ్చారు, మంచి సర్వేయర్ ఖాళీ దొరకడానికే రెండు వారాలు పట్టేలా ఉంటే అడిగి 25 రోజులు చేయించుకున్నాం.

సర్వేయర్‌ని మనమే వెతుక్కోవాలి, డబ్బు మనమే కట్టాలి. బ్రోకర్ ముగ్గురి పేర్లు ఇచ్చారు, మర్యాదగా తీసుకుని పక్కన పెట్టేశాం. సామ్స్, నామ్స్ అని సర్వేయర్ల సంఘాలు రెండున్నాయి, ఇన్సూరెన్స్ వాళ్ళు సాధారణంగా వాళ్ళ సభ్యుల రిపోర్టే అడుగుతారు. అందులోంచి ఒక పెద్దాయన్ని పట్టుకున్నాం. డెబ్బై ఏళ్ళు ఉంటాయి, ముప్పై ఏళ్ళు యార్డులో బోట్లు రిపేరు చేసి తర్వాత సర్వేకి వచ్చిన మనిషి. అడుగుకి 25 డాలర్లు, అంటే 900. బోటుని నీళ్ళలోంచి పైకి ఎత్తడానికి యార్డుకి 420 వేరే. ఆయిల్ పరీక్షకి 70.

ఆ రోజు ఉదయం ఎనిమిదిన్నరకి మేం వెళ్ళేసరికి బ్రోకర్, ఓనర్ ముందే ఉన్నారు. మా ఆయన కిందికి దిగి, ఇంజన్ మూత తీసి, బ్లాక్ మీద అరచెయ్యి ఆనించారు. నా వైపు చూసి తెలుగులోనే మెల్లగా అన్నారు, "వేడిగ ఉన్నది. ముందే స్టార్ట్ చేసి పెట్టిండ్రు."

డీజిల్ ఇంజన్ బాగుందో లేదో తెలిసేది చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి స్టార్ట్ చేస్తేనే. ఎన్ని సార్లు తిప్పితే అందుకుంటుంది, పొగ ఏ రంగులో వస్తుంది, ఎంతసేపట్లో తగ్గుతుంది అన్నది చూడాలి. నల్లపొగ అయితే లోడ్ ఎక్కువవుతోందనో ఇంధనం సరిగ్గా మండట్లేదనో, నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ మండుతోందని, తెల్లగా వచ్చి ఆగకుండా ఉంటే మండని డీజిలో, నీళ్ళో. ముందే వేడి చేసి పెడితే ఇవేవీ కనపడవు. సర్వేయర్ పెద్దాయన ఏమీ అనలేదు, నోట్‌బుక్‌లో ఒక లైను రాసుకున్నారు. సీ ట్రయల్ చివరికి పెట్టుకుందాం, ఇంజన్ చల్లబడనివ్వండి అని మాత్రం ఓనర్‌తో చెప్పారు.

తర్వాత ఆయన చేసింది చూస్తే నాకు మా ఊరి కొబ్బరి దింపు గుర్తొచ్చింది. చిన్న ప్లాస్టిక్ సుత్తితో డెక్ మొత్తం, జానెడు జానెడు దూరంలో, కొడుతూ పోయారు. కొబ్బరికాయని గోటితో కొట్టి లేతదో ముదురుదో చెప్పినట్టే. డెక్ అంటే పైన ఒక ఫైబర్‌గ్లాస్ పొర, కింద ఒక పొర, మధ్యలో బల్సా అనే తేలిక చెక్క. ఆ మధ్య చెక్క పొడిగా అతుక్కుని ఉంటే సుత్తి శబ్దం టక్ టక్ అని గట్టిగా వస్తుంది. ఎక్కడో ఒక స్క్రూ దగ్గర్నించి ఏళ్ళ తరబడి వాన నీళ్ళు దిగి చెక్క కుళ్ళిపోతే డబ్ అని మొద్దుగా వస్తుంది. ఆయన మొద్దు శబ్దం వచ్చినచోటల్లా నీలం టేపు ముక్క అంటిస్తూ వెళ్ళారు. గంట తర్వాత లేచి చూస్తే ముందు డెక్ మీద సగానికి పైగా నీలం టేపే. నేను కూడా సుత్తి అడిగి తీసుకుని కొట్టాను, ఎవరూ చెప్పక్కర్లేకుండా చెవికే తెలిసిపోయింది.

ఆ తర్వాత లోపల ఒక అల్మరా వెనక పలక విప్పించారు. మాస్ట్‌ని నిలబెట్టే తీగలన్నీ కిందకొచ్చి చెయిన్‌ప్లేట్లనే స్టీల్ పట్టీలకి తగులుకుంటాయి, ఆ పట్టీలు డెక్‌లోంచి దూరి లోపల గోడకి బోల్టులతో బిగించి ఉంటాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ తుప్పు పట్టదంటాం కానీ గాలి తగలకుండా తడిగా ఉండే చోట, అంటే సరిగ్గా డెక్‌లోంచి దూరే ఆ అంగుళం దగ్గర, లోపల్లోపల తినేస్తుంది. పైన చూస్తే మెరుస్తూనే ఉంటుంది. ఈ బోటులో ఆ పట్టీ కింద గోధుమరంగు చార ఒకటి చెక్క మీద కారి ఉంది, దాని మీద కూడా కొత్త వార్నిష్ వేశారు. నాకు అంతగా నచ్చిన ఆ వార్నిష్.

ఇంకొకటి కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాం. అడుగు పలక ఎత్తితే బిల్జ్‌లో, అంటే పడవ అట్టడుగున నీళ్ళు చేరే చోట, రెండంగుళాల నీళ్ళున్నాయి. ఆయన వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నారు. ఉప్పగా ఉంటే బయటి నీళ్ళు, చప్పగా ఉంటే వాననో ట్యాంకో. ఉప్పగానే ఉంది. ఎక్కణ్ణించి వస్తోందో ఓనర్‌కి తెలియదన్నారు.

ఆ రోజు సాయంత్రం పార్కింగ్‌లో పెద్దాయన మాతో నిలబడి చెప్పింది ఇదే: డెక్ పని యార్డు చేత చేయిస్తే మీరు బోటుకి పెట్టేంత అవుతుంది, మీరే చేసుకుంటే రెండు వేసవులు పోతాయి, అయితే సముద్రంలోకి వెళ్ళాలనుకున్న బోటు మాత్రం ఇది కాదు. బ్రోకర్ వెంటనే 6,000 తగ్గిస్తామన్నారు. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. ఎనిమిది నెలలుగా వెతుకుతున్నాం, ఇప్పటికే 1,400 పెట్టేశాం, వదిలేస్తే అది పోయినట్టేనని టెన్షన్. అమ్మతో ఫోన్‌లో చెప్తే, "అంత డబ్బు పోసి పాత పడవ ఎందుకే, కాకినాడలో స్థలం కొనుక్కోండి" అంది. మా ఆయన పొద్దున్నే ఒకటే అడిగారు, "నువ్వు ఈ బోటుల రాత్రిపూట గల్ఫ్ స్ట్రీమ్ దాటుతవా?" దాటను అన్నాను. పదిగంటలకి తిరస్కరిస్తున్నాం అని కాగితం పంపించేశాం. అడ్వాన్సు తొమ్మిది రోజుల్లో వెనక్కి వచ్చింది.

రెండోది ఏప్రిల్‌లో వర్జీనియాలోనే డెల్టావిల్ అనే ఊళ్ళో దొరికింది. టార్టన్ 37 అనే మోడల్. స్పార్క్‌మన్ అండ్ స్టీఫెన్స్ అనే సంస్థ డిజైన్, ఒహాయోలో కట్టినది. దీని సెంటర్‌బోర్డు, అంటే అడుగున దించి మళ్ళీ లాగేసుకునే పలక, పైకి లాగితే నీటి కింద నాలుగడుగుల రెండంగుళాలే, దించితే ఏడడుగుల తొమ్మిదంగుళాలు. చెసపీక్‌కి, బహామాస్‌కి ఇంతకంటే ఏం కావాలి. ఫొటోలు ఏమంత బాగాలేవు, కుషన్లు వెలిసిపోయి ఉన్నాయి, చెక్కకి వార్నిష్ లేదు. కానీ ఓనర్, ఎనభై దగ్గరపడిన ఆయన, 22 ఏళ్ళ లాగ్‌బుక్కులు మూడు చేతికిచ్చారు. ఆయిల్ ఎప్పుడు మార్చారు, పంపు ఇంపెల్లర్ ఎప్పుడు మార్చారు, ఏ సంవత్సరం ఏ లైటు పోయింది, అన్నీ చేతిరాతలో. మేం వెళ్ళిన రోజు ఇంజన్ చల్లగా ఉంది. అడక్కుండానే, మీరొచ్చాక స్టార్ట్ చేద్దామని ఆపాను అన్నారు.

42,000 అడిగారు, 38,500కి ఒప్పుకున్నారు. సర్వేకి మళ్ళీ అదే పెద్దాయన. ఈసారి నీలం టేపు ముక్కలు తొమ్మిదే, అన్నీ పట్టుకునే రెయిలింగు స్తంభాల కాళ్ళ దగ్గర. హల్ కింద పెయింటు పొరలో చిన్న పొక్కులు కొన్ని ఉన్నాయి, ఆ కాలం ఫైబర్‌గ్లాస్‌లో మామూలే, భయపడొద్దన్నారు. సీ ట్రయల్‌లో ఇంజన్‌ని ఫుల్ స్పీడులో పది నిమిషాలు నడిపించి టెంపరేచర్ చూశారు, నిలకడగా ఉంది. ఆయిల్ పరీక్ష రిపోర్టులో ఉప్పు ఆనవాళ్ళు లేవు. తేలినవి ఇవి: మాస్ట్ తీగలు 20 ఏళ్ళకి పైబడినవి, అన్నీ మార్చాల్సిందే. నీటి కింద రంధ్రాలకున్న వాల్వుల్లో మూడు, ఇళ్ళలో కుళాయికి వాడే రకం గేట్ వాల్వులు, ఎవరో ఎప్పుడో పెట్టినవి. అందులో ఒకదాన్ని పెద్దాయన మెల్లగా తిప్పగానే పిడి ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. ఒకటిన్నర అంగుళం రంధ్రం అది, నీటిమట్టానికి రెండడుగుల కింద. అదే సముద్రంలో విరిగితే నిమిషానికి బిందెలకు బిందెలు లోపలికి వస్తాయి. ఓనర్ ముఖం పాలిపోయింది, పాపం ఆయనకి నిజంగా తెలియదు. రిపోర్టు 31 పేజీలు వచ్చింది, దాన్ని పెట్టి మాట్లాడితే 34,500కి దిగారు.

ఒక మాట. సర్వే రిపోర్టుని ధర తగ్గించడానికి పనికొచ్చే కాగితంగా మాత్రమే చూడకండి. మేం ఆ రోజంతా పెద్దాయన వెనకాలే తిరిగాం, ఎక్కడ ఏం చూస్తున్నారో అడుగుతూ. ఆయన విసుక్కోలేదు. ఈరోజుకీ మాకు బోటు గురించి తెలిసినదాంట్లో సగం ఆ రెండు సర్వేలలో తెలిసిందే.

ఇక కాగితాలు. ఇక్కడే మనవాళ్ళకి తేడా వస్తుంది. అమెరికాలో పడవలకి రెండు రకాల రిజిస్ట్రేషన్. ఒకటి కోస్ట్ గార్డ్ డాక్యుమెంటేషన్, ఇది ఫెడరల్, అయిదు నెట్ టన్నులు, ఆపైన ఉన్న పడవలకి (నెట్ టన్ను అంటే ఇక్కడ బరువు కాదు, పడవ లోపలి చోటు కొలత). రెండోది రాష్ట్రం టైటిల్, రిజిస్ట్రేషన్. మొదటిది అమెరికా పౌరులకే. మా ఇద్దరిదీ ఇండియా పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు, కాబట్టి కుదరదు. మేం కొన్న బోటేమో పాత ఓనర్ పేరు మీద కోస్ట్ గార్డ్ దగ్గర డాక్యుమెంటు అయి ఉంది. అంటే ముందు దాన్ని అక్కడి జాబితాలోంచి తీయించాలి, తీసేశామని వాళ్ళిచ్చే కాగితం పట్టుకుని వర్జీనియాలో టైటిల్ చేయించుకోవాలి. ఆ ఆఫీసు వెస్ట్ వర్జీనియాలో ఫాలింగ్ వాటర్స్ అనే ఊళ్ళో ఉంది, దేశం మొత్తానికి అదొక్కటే.

డబ్బు కట్టకముందే ఆ ఆఫీసు నుంచి అబ్‌స్ట్రాక్ట్ ఆఫ్ టైటిల్ తెప్పించుకోండి. మన ఊళ్ళో స్థలానికి ఈసీ తీయించినట్టే: పుట్టినప్పటి నుంచి ఎవరెవరి చేతులు మారింది, దాని మీద ఏ అప్పులున్నాయి అన్నీ వస్తాయి. మాది తెప్పిస్తే అందులో 1990లలో మూడో ఓనర్ ఒక బ్యాంకు దగ్గర తాకట్టు పెట్టినట్టు ఉంది, తీరినట్టు ఎక్కడా లేదు. గుండె ఝల్లుమంది. ఈ తాకట్టు మనిషి మీద ఉండదు, పడవ మీద ఉంటుంది, పడవ ఎవరి చేతికి వెళ్తే అప్పు వాళ్ళ వెంట వెళ్తుంది. పైగా అది తీరకుండా జాబితాలోంచి తీయరు. అప్పు ఎప్పుడో తీరిపోయిందని, తీరినట్టు కాగితం మాత్రం ఎవరూ నమోదు చేయలేదని తర్వాత తెలిసింది. ఆ బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయింది, అది మరోదాంట్లో. ఇప్పుడున్న బ్యాంకులో ఫోన్ ఎత్తినవాళ్ళకి పడవ తాకట్టు అంటే ఏంటో కూడా తెలియదు. పాత ఓనర్ ఆ వయసులో వారానికి రెండుసార్లు వాళ్ళకి ఫోన్లు చేశారు, కాగితాలు చూసే ఏజెంటుని కూడా సొంత ఖర్చుతో పెట్టారు. అయిదు వారాలు పట్టింది. తాకట్టు తీరినట్టు నమోదయ్యేదాకా డబ్బు ఇవ్వం అని మేం గట్టిగా కూర్చున్నాం, ఆయన కూడా అదే సరైనదన్నారు. ఇంకో కొనుగోలుదారు నగదు ఇస్తాం, ఏ కాగితమూ అక్కర్లేదు అని మధ్యలో వచ్చినా ఆయన మాట మార్చలేదు. అది నేను మర్చిపోను.

వర్జీనియాలో పడవ మీద పన్ను రెండు శాతం, ఎంత పెద్ద పడవైనా 2,000 డాలర్లకి మించదు. మాకు 690 అయింది. పక్కన మేరీల్యాండ్‌లో అయితే అయిదు శాతం. కొన్న రాష్ట్రమే కాదు, పడవ ఎక్కువగా ఎక్కడ ఉంచుతారన్నది కూడా లెక్కలోకి వస్తుంది, కాబట్టి తక్కువ పన్ను ఉన్న చోట కాగితం చేయించి వేరేచోట ఉంచుదామనుకోకండి.

ఇన్సూరెన్స్ కోసం మొత్తం ఏడుగురిని అడిగాం. 40 ఏళ్ళు దాటిందని ముగ్గురు అక్కడే వద్దన్నారు. మిగతావాళ్ళు సర్వే రిపోర్టు, మేం ఎక్కడెక్కడ ఎంత కాలం పడవ నడిపామో చెప్పే అనుభవ పత్రం, తుఫాను వస్తే పడవని ఏం చేస్తారో రాతపూర్వకంగా అడిగారు. ఇతరుల బోట్ల మీద తిరిగిన శని ఆదివారాలన్నీ నేను ఒక పుస్తకంలో రాసుకోబట్టి సరిపోయింది. ఏడాదికి 1,350, కానీ రిపోర్టులో తప్పనిసరి అన్న పనులు 90 రోజుల్లో పూర్తిచేసినట్టు సంతకం కావాలి. మెరీనా, అంటే బోట్లు కట్టేసుకునే రేవు, వాళ్ళు కూడా ఇన్సూరెన్స్ లేకపోతే బెర్త్ ఇవ్వరు. అంచేత బోటు ఖాయం చేసుకోకముందే ఇన్సూరెన్స్ మాట్లాడుకోవాలి. మేం ఆలస్యంగా మొదలుపెట్టి ఆ మూడు వారాలు చాలా ఇబ్బంది పడ్డాం.

రిపేర్లలో మొదటిది గేట్ వాల్వులు. బోటుని ఒడ్డున పెట్టి అన్ని రంధ్రాలకీ కంచు సీకాక్‌లు, అంటే పడవల కోసమే చేసిన వాల్వులు, వేయించాం, గొట్టాలు మార్చాం, ఒక్కో వాల్వు పక్కన మెత్తటి చెక్క బిరడా దారంతో కట్టి ఉంచాం, వాల్వు పోతే దాన్ని కొట్టడానికి. అన్నీ కలిపి 2,100. తర్వాత మాస్ట్‌ని క్రేన్‌తో లేపించి పడుకోబెట్టాం. రిగ్గర్, అంటే మాస్ట్ తీగల పని చేసేవాళ్ళు, నాకు భూతద్దం ఇచ్చి పాత తీగల చివర్లు చూడమన్నారు. స్టీల్ తొడుగులో తీగని నొక్కి బిగించే చోట వెంట్రుకవాసి పగులు, రంగు మందు పూసి తుడిస్తే ఎర్రగా గీతలా తేలింది. అలాంటివి రెండు. తీగ పొడవునా దూది లాగితే ఎక్కడ పోగు తెగి ఉంటే అక్కడ దూది చిక్కుకుంటుందని చూపించారు, నాలుగుచోట్ల చిక్కుకుంది. తీగలన్నీ మార్చడానికి, అంటే రిగ్గింగ్‌కి, 9,800. చెయిన్‌ప్లేట్లు విప్పి చూస్తే పైకి బానే ఉన్నాయి, అయినా మొదటి బోటు గుర్తొచ్చి ఆలోచించకుండా అన్నీ కొత్తవి చేయించాం, 1,300.

డెక్ మీద ఆ తొమ్మిది చోట్లు మాత్రం మేమే చేసుకున్నాం. స్తంభాలు విప్పి, రంధ్రం చుట్టూ తడిసిన బల్సాని వంచిన మేకుతో గీకి గీకి తీయాలి. నల్లగా, పిండితే నీళ్ళు కారేలా వచ్చింది, వాసన చూస్తే అచ్చం మా ఊళ్ళో కొబ్బరి పీచు నానేసిన గుంట. పొడి చెక్క తగిలేదాకా గీకి, వారం ఆరనిచ్చి, ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు నింపి, అది గట్టిపడ్డాక మధ్యలో కొత్తగా రంధ్రం చేశాం, ఇక నీళ్ళు దిగినా ఎపాక్సీకే తగులుతాయి, చెక్కకి చేరవు. జూలై ఎండలో మోకాళ్ళ మీద చేసిన పని, మా ఆయన ఆ నెల్లో నాలుగు కిలోలు తగ్గారు. తెరచాపలు, బ్యాటరీలు, సోలార్, లంగరు, గొలుసు, అడుగు పెయింటు అన్నీ కలుపుకుని మొదటి 14 నెలల్లో 28,000 అయింది. కొన్న ధర 34,500 అని గుర్తుంచుకోండి. ఎవరైనా నాకు 40,000 ఉంది ఏ బోటు కొనాలి అంటే, 22,000 దాటని బోటు చూడండి అనే చెప్తాను.

కిందటేడు అక్టోబర్ చివర్లో మొదటిసారి దక్షిణానికి బయల్దేరాం. డెల్టావిల్ నుంచి రెండు రోజుల్లో నార్‌ఫోక్, అక్కడే జలమార్గానికి సున్నా మైలు. డిస్మల్ స్వాంప్ కాలవ దారి పట్టుకున్నాం, సెంటర్‌బోర్డు పైకి లాగేస్తే మాకు అక్కడ ఇబ్బంది లేదు. డీప్ క్రీక్ లాక్‌లో నీళ్ళు నింపి పడవని ఎనిమిదడుగులు పైకి లేపారు. ధవళేశ్వరం లాకుల్లో తాతయ్య పడవ ఇలాగే లేచేదని అమ్మ చెప్తుండేది. లాకు దాటగానే నీళ్ళ రంగు మారిపోయింది, డికాషన్ లాంటి గోధుమరంగు, చెట్ల బెరళ్ళ నుంచి ఊరి వస్తుందట.

ఆ సాయంత్రం కాలవ ఒడ్డున కట్టేసి, అలవాటుగా అడుగు పలక ఎత్తి చూశాను. బిల్జ్‌లో గ్లాసెడు నీళ్ళు. పొద్దున పొడిగా ఉంది. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నా, చప్పగా ఉంది. ట్యాంకు కారుతోందా అని ఒక్క క్షణం కంగారు. కానీ ఈ కాలవలో బయట ఉన్నవీ మంచినీళ్ళే కదా, రుచి ఇక్కడ పనిచేయదు. టార్చి వేసి చెంబుతో కొంచెం తీసి తెల్లటి పింగాణీ కప్పులో పోశాను. గోధుమరంగు. బయటివే. మా ఆయన వెనక్కి పాకి ప్రొపెల్లర్ షాఫ్టు బయటికెళ్ళే చోట చెయ్యి పెట్టి, "చుక్కచుక్క పడుతుంది, నట్టు వదులైంది" అన్నారు. రెంచీ రెండూ అందించాను. పావు చుట్టు బిగించారు, టార్చి పట్టుకుని ఇద్దరం అయిదు నిమిషాలు చూశాం, ఇంకో చుక్క పడలేదు.